పదవిని వదులుకున్న శాసనసభ్యుడు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లాకు చెందిన ఒక శాసనసభ్యుణ్ణి గురించి మాట్లాడమన్నారు నిర్వాహకులు. నేను తరిమెల నాగిరెడ్డిగారిని ఎంచుకున్నాను. ఇది బడి పండుగ, పార్టీ సభ కాదు. ఆయన సిద్ధాంతాన్ని మీరు ఒప్పుకోవాలని నేను అడగను. నాకే అన్నిటిలో అంగీకారం లేదు. అయినా ఆయన జీవితంలో మన పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

ఆయన 1917లో తరిమెలలో కలిగిన భూస్వామి ఇంట పుట్టారు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలా కాలేజీలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివారు. కావాలంటే హాయిగా బతకగలిగిన మనిషి. కానీ ఆయన ఎంచుకున్నది రైతుకూలీల పక్షం. దానికి దక్కింది జైలు.

1952 ఎన్నికల కథ మన పెద్దలకు తెలిసిందే. అనంతపురం స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. కమ్యూనిస్టు అభ్యర్థి నాగిరెడ్డిగారు. ఇద్దరూ బావా బావమరుదులు. బావమరిది జైల్లో ఉన్నారు. అక్కడి నుంచే గెలిచారు.

మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు శాసనసభలోని మన ప్రాంత సభ్యులు ఆంధ్ర శాసనసభకు వచ్చారు. 1954 నవంబరులో ఆ సభలోనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. సభలో ఒక్క సభ్యుడి బలమెంతో నాగిరెడ్డిగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్ళీ అనంతపురం నుంచి శాసనసభకు వెళ్ళారు.

అలాంటి మనిషి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఈ సభ ద్వారా పేదవాడి బతుకు మారదని ఆయన నమ్మకం. నమ్మకం పోయిన చోట జీతం తీసుకుంటూ, కారెక్కి తిరుగుతూ కూర్చోలేకపోయారు. తర్వాత అరెస్టు, కుట్రకేసు. బోనులో నిలబడి కోర్టుకిచ్చిన వాంగ్మూలంలో, విదేశీ పెట్టుబడి మన దేశాన్ని ఎలా పట్టి ఉంచిందో లెక్కలతో వివరించారు. ఆ వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా 1976 జూలై 28న కన్నుమూశారు. ఆ మరుసటి సంవత్సరమే ఆయన బావగారు సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి అయ్యారు. ఒక జిల్లా, ఒక చుట్టరికం, రెండు దారులు!

సభను వదలడం సరైనదేనా? నా మటుకు నాకు కాదనిపిస్తుంది. ఊరికి నీళ్ళు రాలేదనీ, బడికి గది లేదనీ అడగడానికి ఆ సభ తప్ప మనకు వేరే చోటు లేదు. అడిగేవాడు బయటికి వచ్చేస్తే లోపల మిగిలేది అడగనివాళ్ళే. ఆయన ఎదురుగా ఉంటే ఈ మాటే అనేవాణ్ణి. ఆయన లెక్కలు తీసి నాతో వాదించి ఉండేవారు, ఆ వాదనలో నేను ఓడిపోయినా ఆశ్చర్యం లేదు!

కానీ ఒక విషయంలో నాకు సందేహం లేదు. ఆయనకు పదవి ఒక పనిముట్టు. పని జరుగుతుందనుకున్నంత కాలం పట్టుకున్నారు, జరగదనుకున్నాక కింద పెట్టేశారు. పదవి కోసం మాట మార్చేవాళ్ళను చూసి చూసి మనకు అలవాటైపోయింది. మాట కోసం పదవిని మార్చుకున్నవాడు మన అనంతపురంలోనే ఉన్నాడని పిల్లలకు చెప్పాలి.

బాబూ, అమ్మా, మీలో రేపు ఒకరు శాసనసభ్యులు కావచ్చు. సర్పంచో, గుమాస్తాయో, టీచరో కావచ్చు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని ఏ రోజున వదిలెయ్యగలను? జవాబు దొరికినవాళ్ళు ఆ కుర్చీలో నిర్భయంగా కూర్చోగలరు.