మూడవనాటి లెక్క

పెద్దప్రేగు లోపలి పొర పుండ్లుపడి, నెత్తురుతోను బంకతోను విరేచనములగు దీర్ఘవ్యాధిని వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్ అందురు. మన యిండ్లలో దీనిని వట్టి బంక విరేచనములని తలచి, మజ్జిగతోను దానిమ్మ తొక్కతోను నెలలు గడుపుట కలదు. తుదకు రోగిని ఆసుపత్రికి తెచ్చినవారు మమ్ము మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: “ఆపరేషను తప్పదా, డాక్టరుగారూ?”

దీనికి జోస్యము చెప్పలేము గాని, లెక్క చూచి చెప్పుటకు కొంత వీలున్నది.

1955లో ఇంగ్లండున ట్రూలవ్, విట్స్ అను ఆక్స్‌ఫర్డు వైద్యులు 210 మంది రోగులతో జరిపిన కార్టిజోను పరీక్షా ఫలితములను ప్రకటించిరి. వ్యాధి తీవ్రతకు వారు పెట్టిన గుర్తులను నేటికిని వాడుచున్నాము. దినమునకు 6 సారులు గాని అంతకు మించి గాని నెత్తురు విరేచనములగుట, దానికి తోడు నాడి 90 దాటుటయో, జ్వరమో, రక్తహీనతయో ఉండుట. అట్టివారిని ఆ దినముననే ఆసుపత్రిలో చేర్పవలెను.

స్టెరాయిడు మందు ఇంచుమించు మూడింట రెండు వంతుల మందికి గుణమిచ్చును. తక్కినవారి నెట్లు గుర్తించుట? 1996లో ఆక్స్‌ఫర్డు వైద్యులే 51 తీవ్ర సందర్భములను పరిశీలించి యొక సూత్రము చెప్పిరి. చికిత్స మొదలిడిన మూడవనాడు విరేచనములు 8 దాటినను, లేక 3 మొదలు 8 వరకు ఉండి రక్తములో సి-రియాక్టివ్ ప్రోటీన్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించినను, నూటికి 85 మందికి ఆ విడతలోనే పెద్దప్రేగు తీసివేయవలసి వచ్చినది.

ఇంతటి నిర్ణయము విరేచనముల లెక్కపై నిలుచుట వింతగా తోచవచ్చును. కాని రోగి సిగ్గుపడి, పదకొండు సారులు పోయి “నాలుగైదు సారులండీ” యనును. నిజము రాత్రియంతయు మేల్కొనియున్న యిల్లాలికి తెలియును. కాగితముపై గంటతో సహా వ్రాసి చూపుడని మేమామెనే కోరుదుము. ఆ కాగితము ఒక్కొక్కప్పుడు ఎక్స్‌రే కంటె మిన్న.

మూడవనాడే తొందర యేల? మందు పనిచేయని ప్రేగు ఉబ్బి 6 సెంటీమీటర్లు మించవచ్చును, చిల్లిపడవచ్చును. పదునైదు దినములు వేచి, నీరసించిన దేహముపై కత్తి పెట్టుట మిక్కిలి ప్రమాదము. అందుచే సర్జనుగారిని ముందే పిలుతుము. ఆయన వచ్చినంత మాత్రమున కోత నిశ్చయమైనదని బంధువులు బెదరనక్కరలేదు. 1994 నుండి సైక్లోస్పోరిన్, 2005 నుండి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఈ సందర్భమున ఫలితమిచ్చునని తేలుటచే, ఆ 85 మందిలో కొందరు నేడు కోత లేకయే బయటపడుచున్నారు. వానికిని గుణము లేనిచో జాగు చేయరాదు.

దీనికి సోదరివంటి క్రోన్ వ్యాధికి ఈ లెక్క చెల్లదు. అందు ప్రేగు ఇరుకగుట, నాళవ్రణములు పడుట ముఖ్యమైన గుర్తులు. మన దేశమున ప్రేగు క్షయ కాదని ముందు తేల్చుకొనవలెను.

మా అనుభవమున రోగులు కోతకంటె పొట్టపై సంచికి ఎక్కువ జంకుదురు. 1978లో లండనున పార్క్స్, నికల్స్ అను సర్జనులు చిన్నప్రేగుతోనే లోపల సంచి కుట్టు విధానమును ప్రకటించిరి. అది కుదిరినవారికి పొట్టపై ద్వారమును కొన్ని నెలల పిదప మూసివేయుదురు.