మడతచాకు - దాని కీలు

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవునది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. రొంటిలోనో, చొక్కా జేబులోనో మీలో చాలమందికి ఒక మడతచాకు ఉండియే యుండును. పండు కోయవలెనన్న అదే, పురికొస తెంపవలెనన్న అదే, వేపపుల్ల చెక్కవలెనన్నను అదే. నేనును ముప్పది యేండ్లపాటు ఒకే చాకును వాడితిని. దాని అలుగు సానరాతికి అరిగి సగమైనదే కాని, దానిని మార్చవలెనను తలంపు నాకు కలుగలేదు.

గత కార్తికమున మిరపచేనికి మందు కొట్టించుచు, పొట్లము మూల కోయుటకు కత్తెర చేతికందక ఆ చాకునే వాడితిని. వెంటనే బోరునీట కడిగితిని, మడిచితిని, మఱచితిని. మఱునాడు మనుమరాలికి జామపండు కోయబోగా మా ఇంటావిడ నా చేయి పట్టుకొని, "ఆ చాకు ఒక్కసారి వాసన చూడండి" అన్నది. చూచితిని. అలుగు అద్దమువలె ఉన్నది. వాసన మాత్రము కీలులోనుండి వచ్చుచున్నది! నారింజముల్లుతో గెలికితిని. నల్లని జిడ్డు, దారపు పోగులు, ఎప్పటిదో పండుగుజ్జు, మట్టి వెలికి వచ్చినవి. పండు తెచ్చి నా చేతికిచ్చిన పిల్ల ఎదుటనే కూర్చుండి చూచుచున్నది. ఆ నిమిషమున నాకు కలిగిన సిగ్గే ఈనాటి ప్రసంగమునకు మూలము.

మడతచాకులో మురికి చేరు తావు అలుగు కాదు. అలుగు మొదలు పిడిలోనికి చొచ్చి ఒక ఇరుసుమీద తిరుగును. ఆ ఇరుసు చుట్టును, మడిచినప్పుడు అలుగు దాగు గాడిలోను, చేయి పోదు, గుడ్డయు పోదు. తడి మాత్రము పోవును. పోయి ఆరక నిలిచి తుప్పు పుట్టించును. అడకత్తెర కీలులో సున్నము, వక్కపొడి గడ్డకట్టుట మీరెఱుగనిది కాదు. నా పాత చాకునకు ఇరుసుగా ఒక రివిట్టు కొట్టియుండెను. రివిట్టు రెండు వైపుల అణగగొట్టిన మేకు. దానిని విప్పుటయన్న పగులగొట్టుటయే. మరమేకు, అనగా స్క్రూ, బిగించిన చాకైనచో విప్పి, కడిగి, మరల బిగింపవచ్చును. కొనునపుడు మొదట చూడవలసినది ఇదియే. మెఱుపును, చెక్కడపు పనిని తరువాత చూతము.

నగరమున ఉద్యోగము చేయు మా అబ్బాయి నా గోడు విని పేరుపడిన విదేశపు చాకులు రెండు తెచ్చి చూపెను. ఒకటి ఫ్రాంసు దేశపు ఒపినెల్. సవాయ్ సీమలో జోసెఫ్ ఒపినెల్ అను నతడు 1890లో పల్లెవారికొఱకు రూపొందించినది. కొయ్యపిడి, అలుగు, ఇరుసు, తెఱచిన అలుగు మడతపడకుండ ఆపుటకు ఒక ఉక్కు కట్టు, అంతే. ఆ కట్టు 1955లో చేర్చబడినది. నాకు ఎంతయో నచ్చినది. కాని కట్టును ఊడదీయవచ్చునే గాని ఇరుసు రివిట్టే. పైగా కొయ్యపిడిని నీట నానబెట్టిన ఉబ్బి అలుగును పట్టివేయును. రెండవది స్విట్జర్లండు వారిది. కార్ల్ ఎల్సెనర్ 1884లో నెలకొల్పిన కర్మశాలనుండి వచ్చినది, పేరు విక్టోరినాక్స్. అదియు రివిట్టుదే. గోరువెచ్చని నీటిలో ముంచి పలుమాఱు తెఱచి మూసిన చాలవఱకు శుభ్రపడును, కాని లోపలిభాగము కంటికి కనబడదు. చెడ్డ చాకులని నేననను. పండ్లకు మాత్రమే వాడువారికి అవి చాలును. నావలె అన్నిటికిని ఒకే చాకును వాడు మొండివానికి చాలవు.

కడకు నేను కొన్నది మూడంగుళముల అలుగు గల సామాన్యమైన చాకు. దుకాణములో నేను చూచినవి ఇవి. మరమేకు తలమీద అడ్డుగాటున్న మామూలు స్క్రూడ్రైవరు చాలును. ఆఱు మొనల నక్షత్రము వంటి గుంట యున్నచో దానికి తగిన పనిముట్టు వేఱుగా కావలెను. చాకుతోడనే దానిని అడిగి పుచ్చుకొనవలెను. విప్పినచో హామీ చెల్లదని చెప్పు తయారీదారులును కలరు గనుక ఆ మాటయు ముందే అడుగవలెను. పిడి వెనుకభాగము మూసియున్నదా, వెలుతురు కనబడునట్లు తెఱచియున్నదా? తెఱచియున్నదే మేలు, నీరు జారిపోవును. మీట నొక్కగానే ఎగిరి తెఱచుకొను చాకుల జోలికి నేను పోలేదు. విప్పినప్పుడు వాని స్ప్రింగు కంటికి తగులవచ్చును.

అలుగు లోహము మాట. మామూలు ఉక్కునకు పదును సులువుగా వచ్చును. మామిడి, చింత, నిమ్మ పులుపు తగిలిన నల్లబడును. స్టెయిన్‌లెస్ స్టీలులో నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువకాకుండ క్రోమియము కలియుటచేత తుప్పు త్వరగా పట్టదు. బొత్తిగా పట్టదని మాత్రము నమ్మకుడు. నేను రెండవదానినే తీసికొంటిని.

విప్పుటకు ముందు తెల్లనిగుడ్డ పఱచుకొందును. తీసిన వరుసనే ముక్కలను పేర్చుదును. ఇరుసునకు రెండుప్రక్కల పలుచని బిళ్ళలుండును, వాషర్లు. అవి పోయినచో చాకు పోయినట్లే. మొదటిమాఱు ఒకటి గచ్చు పగులులో దూరగా గంటసేపు వెదకితిని. సబ్బునీటితో పాత పండ్లబ్రష్షు పెట్టి తోమి, పూర్తిగా ఆఱనిచ్చి, ఇరుసునకు ఒక్క చుక్క నూనె వేయుదును. వంటనూనె పనికిరాదు, కొన్నాళ్ళకు జిగురగును. మందుల దుకాణములో దొరకు లిక్విడ్ పారఫిన్ మంచిది. పనసతొనలు కోసిన జిగురు మాత్రము సబ్బునకు లొంగదు. దానిని ముందు వంటనూనెతో తుడిచి పిమ్మట సబ్బుతో కడుగవలెను. బిగించునపుడు మరమేకును కొంచెముకొంచెముగా త్రిప్పుదును. అలుగు ప్రక్కకు ఊగరాదు, తెఱచుటకు బలిమి పట్టరాదు. పిదప తెఱచి, వ్రేళ్ళు అలుగు దారిలో లేకుండ పట్టుకొని, అలుగు వీపును కఱ్ఱమీద మెల్లగా నొక్కి ఆపుకొయ్య పట్టినదో లేదో చూతును. ఈ పరీక్షకు బద్ధకించినవాని వ్రేలు తెగుట నేనెఱుగుదును. ఆ వ్రేలు నాదే.

ఇన్ని చెప్పినను, పురుగుమందు తగిలిన చాకును ఎంత కడిగినను తినుబండారములకు వాడరాదని నేను నిశ్చయించుకొంటిని. మందుపొట్లములకు వేఱొక కత్తెర కొట్టములో మేకునకు తగిలించితిని. పాత చాకును పాఱవేయ మనసొప్పలేదు. అదియు అచ్చటనే ఉన్నది. ఎవరును పొరబాటున వంటింటికి తేకుండుటకు దాని పిడికి ఎఱ్ఱదారము చుట్టితిని. క్రొత్తచాకు విప్పునపుడు వాషర్లను లెక్కపెట్టి కాపాడు పని మనుమరాలిది.