రెండో అంకె కూడా రాయండి



నిజాం పాలన నుంచి విముక్తి కోసం పోరాడిన స్వామి రామానంద తీర్థ పేరున 1994లో వెలసిన విశ్వవిద్యాలయం ఇది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు నుంచి వచ్చి, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడుతూ పెరిగినవారు కూడా ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో ఉంటారు. మీ అందరికీ చెప్పదలచింది ఒక్కటే: లాభాన్ని కొలిచినంత శ్రద్ధగా, దానికి చెల్లించిన మూల్యాన్నీ కొలవండి.

నా రంగం లిథియం అయాన్ బ్యాటరీలు. వాటి ఆనోడ్‌లో వాడే గ్రాఫైట్ గ్రాముకు గరిష్ఠంగా 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఛార్జిని దాచుకుంటుంది. సిలికాన్ దానికి దాదాపు పది రెట్లు దాచగలదు. కానీ లిథియం చేరేకొద్దీ సిలికాన్ ఉబ్బి, మూడు రెట్లకు పైగా పెరిగి, పగిలిపోతుంది. ముక్కలకు కరెంటు అందదు. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ పొరలు ఆ ముక్కలను అల్లుకుని ఎలక్ట్రాన్లకు దారి నిలుపుతాయి. కాథోడ్‌లోనూ అంతే. అక్షయ పాఢి, జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1997లో వెలుగులోకి తెచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గుండా కరెంటు సరిగా పారదు. పలుచని కార్బన్ పూత దాన్ని పనిలోకి తెచ్చింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ పదార్థం తయారీపై కృషి చేస్తున్నారు.

ఇక మూల్యం. నానో కార్బన్‌కు ఉపరితలం చాలా ఎక్కువ. మొదటి ఛార్జింగ్‌లోనే ఎలక్ట్రోలైట్ దానిమీద విచ్ఛిన్నమై పొర కడుతుంది. ఆ పొరలో చిక్కిన లిథియం తిరిగి రాదు. పైగా పలుచని ఎలక్ట్రోడ్ మీద, చురుకైన పదార్థం బరువొక్కటే లెక్కేసి చూపిన గొప్ప అంకె, కార్బన్, బైండర్, రాగి రేకుల బరువు కలిపితే బాగా తగ్గిపోతుంది. మొదటి అంకె అబద్ధమేమీ కాదు. రెండోది దాచితే మాత్రం మొదటిదాన్ని నమ్మి ఫ్యాక్టరీ పెట్టినవాడు నష్టపోతాడు.

మీరందరూ ప్రయోగశాలలకే వెళ్లరు. బడుల్లో, బ్యాంకుల్లో, పొలాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తారు. మరాఠ్వాడా కరువు మీకు తెలుసు. కొత్త బోరు ఎన్ని ఎకరాలు తడిపిందో రాసినచోటే, భూగర్భజలం ఎంత దిగిందో కూడా రాయండి. అలా రాస్తే పదోన్నతి ఆలస్యం కావచ్చు, పరిశోధన వ్యాసం వెనక్కి రావచ్చు. అయినా రాయండి. మీ సంతకమున్న కాగితాన్ని ఈ ప్రాంత ప్రజలు నిశ్చింతగా నమ్మగలిగితే, ఈ పట్టా సార్థకమైనట్టే.