గీత ఎక్కడ గీయాలి?



ఇంటర్ రెండో సంవత్సరంలో ఎక్స్-కిరణాల పాఠం వచ్చిన రోజు మా ఫిజిక్సు మాస్టారు ఒక ఖాకీ కవరు చంకన పెట్టుకుని వచ్చేవారు. అందులోంచి పెద్ద ఫిల్మొకటి తీసి కిటికీ అద్దానికి ఆనించి, "ఇందులో జబ్బు యాడుందో చూపండ్రా" అనేవారు. మేమంతా నడుమనున్న తెల్లటి ముద్ద మీద వేలు పెట్టేవాళ్లం. "అది గుండె నాయనా, అందరికీ ఉండేదే" అని, ఎడమ కాలరు ఎముక కింద బూజు పట్టినట్టున్న చిన్న మరకను చూపేవారు. ఆ ఛాతీ ఎవరిదో ఆయన చెప్పేవారు కాదు. కాలేజీ విడిచిన చాలా ఏళ్లకు గానీ అది ఆయనదేనని మాకు తెలియలేదు.

ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు నాకిచ్చిన అంశం ఇంజనీరింగు, కృత్రిమ మేధ, వైద్యరంగాల్లో ఇటీవలి పరిశోధన. గంటసేపటికి అది సముద్రం. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ న్యూరల్ నెట్‌వర్కులకు పునాది వేసిన జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు దక్కింది. అదే ఏడు రసాయనశాస్త్ర నోబెల్‌లో ఒక సగం, ప్రోటీన్ల ఆకారాలను కంప్యూటరు చేత అంచనా కట్టించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వెళ్లింది. దాదాపు 20 కోట్ల ప్రోటీన్ల ఆకారాలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. గొప్ప పనే. పత్రికల్లో మీరు చదివే ఉంటారు కనుక దాన్ని దాటేస్తాను. ఈ మూడు విద్యలూ ఒకే మనిషి ఛాతీ దగ్గర కలిసే చోటొకటి మన జిల్లాలోనే ఉంది. జిల్లా అంటే పాత చిత్తూరు జిల్లా. పటం మీద గీతలు ఎన్నిసార్లు మారినా నా లెక్కలో మదనపల్లె మనదే.

క్షయ రోగుల కోసం పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మదనపల్లెలో ఒక ఆసుపత్రి మొదలుపెట్టాయి. 1915కల్లా అది ఊరి బయటి విశాలమైన చోటికి మారింది. ఆ చోటి పేరే ఆరోగ్యవరం. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, ఎండ. అప్పటికి కాక్ క్షయ క్రిమిని కనిపెట్టి ముప్పై ఏళ్లయింది గానీ, దాన్ని చంపే మందు ఇంకో ముప్పై ఏళ్లకు గానీ రాలేదు. మందు లేని జబ్బుకు గాలి, విశ్రాంతి, తిండి, ఈ మూడే మందులు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్-మోలర్ దానికి తొలి పెద్ద. తరువాత ఆ బాధ్యత మోసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు కూడా అయ్యారు.

మాస్టారు అక్కడ పద్నాలుగు నెలలున్నారట. 1950ల మొదట్లో, ఇరవై ఏళ్ల వయసులో. వరండాలో మంచాలు, పొద్దున సాయంత్రం థర్మామీటరు, గట్టిగా నవ్వితే మందలింపు. ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి దానికి విశ్రాంతి ఇచ్చేవారు. దాన్ని రోగులు "గాలి పెట్టించుకోవడం" అనేవారని మాస్టారు చెప్పేవారు. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ అప్పటికే వచ్చింది, 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. పాత వైద్యం, కొత్త వైద్యం కలిసిన కూడలిలో ఆయన బతికి బయటపడ్డారు.

మదనపల్లె పేరు వైద్యశాస్త్ర పత్రికల్లోకి ఎక్కింది మాత్రం ఆసుపత్రి వల్ల కాదు, ఊరూరా తిరగడం వల్ల. 1950 నుంచి, ఆసుపత్రి తొలి పెద్ద క్రిస్టియన్ గారి కొడుకు డాక్టర్ యోహానెస్ ఫ్రిమోడ్-మోలర్ బృందం మదనపల్లెలో, చుట్టుపక్కల పల్లెల్లో జనాన్ని ఇల్లిల్లూ లెక్కరాసి, చర్మపరీక్ష చేసి, ఎక్స్-రే తీసి, కొందరికి బీసీజీ టీకా వేసి, కొందరికి వేయకుండా ఏళ్ల తరబడి గమనించింది. దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవాడినే కాదు, రానివాడినీ లెక్కలోకి తీసుకోవడం అక్కడి పద్ధతి. శెనక్కాయ చేలో ఉన్నవాడి కోసం గట్టు మీద కాచుకున్న ఆ రోజుల కష్టాన్ని ఏ పరిశోధన వ్యాసమూ రాయదు. రాసి ఉంటే బాగుండేది.

ఆ చర్మపరీక్ష దగ్గర కాసేపు ఆగుతాను. ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌క్యులిన్ చుక్క ఎక్కిస్తారు. రెండు మూడు రోజుల తరువాత అక్కడ గట్టిపడ్డ బొప్పిని వేలితో తడిమి, స్కేలు పెట్టి కొలుస్తారు. వచ్చేది మిల్లీమీటర్ల అంకె. 18 వస్తే పేచీ లేదు, 0 వచ్చినా లేదు. మరి 7 వస్తే? క్షయ క్రిమి సోకిందనాలా, సోకలేదనాలా? దక్షిణాది మట్టిలో, నీళ్లలో క్షయ క్రిమికి దాయాదుల్లాంటి హాని లేని క్రిములు చాలా ఉన్నాయి. వాటి పరిచయం ఉన్న చెయ్యి కూడా కొద్దిగా పొంగుతుంది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. తరువాత కాలంలో 10 మిల్లీమీటర్ల గీత బాగా స్థిరపడింది. అది ప్రకృతి గీసింది కాదు, మనుషులు కూర్చుని ఒప్పుకున్నది.

మదనపల్లె పరీక్షలో టీకా ఇచ్చిన రక్షణ అంతంతమాత్రమే. తరువాత 1968లో చెంగల్పట్టులో మొదలైన భారీ పరీక్షలో, పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయ విషయంలో బీసీజీ కాపాడినట్టు కనిపించనేలేదు. ఈ మట్టి దాయాది క్రిములే కారణం కావచ్చునన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. పసిపిల్లలను మెదడు క్షయ వంటి తీవ్రరూపాల నుంచి ఆ టీకా కాపాడుతుంది కనుక ఇంకా వేస్తున్నాం. పెద్దల కోసం ఎం72 అనే కొత్త టీకా మీద ఆఖరి దశ పరీక్ష 2024లో దక్షిణాఫ్రికాలో మొదలైంది.

ఇక యంత్రం సంగతి. ఛాతీ ఎక్స్-రే చదివే సాఫ్ట్‌వేర్‌కు లక్షల ఫిల్ములు చూపిస్తారు, ప్రతి దానికీ జవాబు కూడా ఇస్తారు. తప్పు చెప్పినప్పుడల్లా అది తన లోపలి అంకెలను కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. కోట్ల సవరింపుల తరువాత, ముందెన్నడూ చూడని ఛాతీని చూసి ఒక అంకె చెబుతుంది. ఊపిరితిత్తి అంటే ఏమిటో దానికి తెలియదు. మా క్లాసులో మాకూ తెలియదు, అందుకే గుండె మీద వేలు పెట్టాం. 15 ఏళ్లు నిండినవారి ఎక్స్-రేలను వడపోయడానికి డాక్టరుకు బదులు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒప్పుకుంది. చేతితో పట్టుకుని తీసే బ్యాటరీ ఎక్స్-రే యంత్రం దీనికి తోడైంది. 2024 డిసెంబరు 7న దేశంలోని 347 జిల్లాల్లో మొదలైన వందరోజుల క్షయ కార్యక్రమంలో ఈ జోడీని ఊళ్లలోకి తీసుకెళ్లారు.

దీని అవసరం ఎంతటిదో 2019–21 జాతీయ సర్వే చెప్పింది. అందులో తేలిన క్షయ కేసుల్లో 42.6 శాతం, ఎక్స్-రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవి కావు. అంటే దగ్గుందా, జ్వరముందా అని గడప దగ్గర అడిగితే "ఏమీ లేదమ్మా, బాగున్నా" అని ఆశా కార్యకర్తను పంపించేసేవాళ్లు, జబ్బున్నవాళ్లలో నూటికి అంతమంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చెప్పే ఆ అంకె సంగతి. ఒక ఛాతీ చూసి యంత్రం నూటికి 64 అంది. కళ్లె పరీక్షకు పంపాలా, ఇంటికి పంపాలా? మళ్లీ గీత కావాలి. ఇలాంటి వడపోత పరీక్ష నూరుమంది రోగుల్లో కనీసం 90 మందిని పట్టాలని, జబ్బు లేని నూరుమందిలో 70 మందినైనా సరిగ్గా వదిలేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పెట్టుకున్న కనీస ప్రమాణం. మాస్టారు ఉంటే సుద్దముక్క అందుకునేవారు కాబట్టి మనమూ లెక్క వేద్దాం. సర్వే ప్రకారం పెద్దల్లో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ. పదివేల మందిని పరీక్షిస్తే రోగులు సుమారు 32 మంది. వాళ్లలో 29 మంది దొరుకుతారు, ముగ్గురు జారిపోతారు. జబ్బు లేని 9,968 మందిలో 30 శాతం, అంటే దాదాపు 2,990 మంది, అనుమానం మీద కళ్లె డబ్బా పట్టుకుని నిలబడతారు. 29 మంది కోసం మూడువేల మందికి పరీక్ష. గీతను పైకి జరిపితే క్యూ తగ్గుతుంది, జారిపోయేవాళ్లు పెరుగుతారు. కిందికి జరిపితే అటుది ఇటు. ప్రమాణం కంటే మెరుగ్గా పనిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, ఎంత మెరుగైనదానికైనా ఈ బేరం తప్పదు.

ఈ బేరం తేల్చేది సాఫ్ట్‌వేర్ కాదు. ఊళ్లో ట్రూనాట్ చిప్పులు ఎన్ని ఉన్నాయి, ల్యాబ్ టెక్నీషియన్ ఎందరు, కూలి మానుకుని వచ్చినవాడికి రెండోసారి రమ్మంటే వస్తాడా అన్నవి తేలుస్తాయి. ట్రూనాట్ పేరెత్తాను కనుక చెబుతాను: బెంగళూరులో రూపుదిద్దుకున్న ఈ చిన్న బ్యాటరీ యంత్రం కళ్లెలో క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పెద్ద ల్యాబు, ఏసీ గది లేకుండానే పసిగడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ఆమోదించింది. ఎక్స్-రే సాఫ్ట్‌వేర్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. నా దృష్టిలో ఇంజనీరింగుగా ఇదే ఎక్కువ గొప్పది.

గీత గురించి ఒక ఇంటి సంగతి. మాస్టారి ఖాకీ కవరులో నిజానికి రెండు ఫిల్ములున్నాయి. ఒకటి చేరినప్పటిది, ఇంకోటి నయమై ఇంటికి వచ్చిన ఎన్నో ఏళ్లకు తీయించుకున్నది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే నా శిష్యుడొకడు రెండింటినీ ఫొటో తీసి దానికి చూపించాడు. మొదటిదానికి ఎక్కువ అంకె ఇచ్చింది, సరే. రెండోదానికీ అనుమానమే అంది. మానిన గాయపు మచ్చ అది. ఆ మచ్చతోనే మాస్టారు రోజూ సైకిలు తొక్కారు, దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు, నన్ను రెండుసార్లు బెంచీ ఎక్కించారు. ఒకసారి జబ్బు వచ్చిపోయినవాళ్ల దగ్గర యంత్రాలు తడబడతాయని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. తెలిసినవాళ్ల ఛాతీలో చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

మన దగ్గర ఇంకో మచ్చ ఉంది. కుప్పం వైపు గ్రానైటు క్వారీల్లో రాళ్లు కోసేవారి ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. ఎక్స్-రేలో దాని నీడలు క్షయ నీడలతో కలగాపులగం అవుతాయి. పైగా సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ వచ్చే అవకాశమూ ఎక్కువే. రాతిధూళి ఛాతీలను పెద్దగా చూడని సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఏమంటుంది? ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, రెండూ 2015లో వచ్చినవే. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులున్నాయి. యంత్రానికి నేర్పేవాళ్లు, ఫిల్ము చదివేవాళ్లు ఒకరికొకరు బస్సులో గంట దూరంలో ఉన్నారు. ఈ ప్రశ్న మన గడప ముందుది కనుక ముందు మనమే తీసుకోవాలని యువ పరిశోధకులకు నా మనవి. నేను ఫిజిక్సు చెప్పుకుని రిటైరైనవాణ్ణి, నాకు అడగడమే వచ్చు.

జబ్బు దొరికాక వైద్యంలో వచ్చిన మార్పు తక్కువది కాదు. మందులకు లొంగని క్షయకు ఏడాదిన్నర, అంతకు పైగా సాగిన చికిత్సను, బెడాక్విలిన్, ప్రెటోమానిడ్ వంటి నాలుగు మందుల కలయిక ఆరు నెలలకు కుదించింది. మన దేశం దాన్ని 2024లో ఆమోదించింది.

కానీ నన్ను ఎక్కువగా కదిలించిన కొత్త పరిశోధనలో యంత్రం లేదు. దానికి ముందు పాత మాట ఒకటి చెప్పాలి. 1956లో మద్రాసులో మొదలై 1959లో వెలువడిన అధ్యయనం, మాత్రలు సరిగా మింగితే ఇరుకింట్లో అరకొర తిండితో ఉన్న రోగికీ, శానటోరియంలో పాలు గుడ్లు తిన్న రోగికీ నయం కావడంలో పెద్ద తేడా లేదని తేల్చింది. శానటోరియంల కాలం దాంతో ముగిసింది. లక్షల మందికి మేలు జరిగింది, సందేహం లేదు. ఆ వెలుగులో తిండి మాట వెనక్కి పోయింది. 2023లో జార్ఖండ్ నుంచి వచ్చిన రేషన్స్ అధ్యయనం దాన్ని ముందుకు తెచ్చింది. 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది. కొన్ని ఇళ్లలో ఇంటిల్లిపాదికీ, తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. మిగతా ఇళ్లలో రోగికి మాత్రమే బుట్ట. అందరికీ తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. కంది పప్పుకు ఏ టీకా కంపెనీ పేటెంటు తీసుకోలేదు కాబట్టి కాబోలు, ఈ వార్త మన టీవీల్లో పెద్దగా మోగలేదు. అదే అధ్యయనంలో, చికిత్స మొదలైన రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. పోషణ కోసం రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. కేజీ కందిపప్పు ధర ఇక్కడున్నవాళ్లందరికీ తెలుసు.

ఖాకీ కవరులో ఫిల్ములతో పాటు ఒక బరువు చీటీ కూడా ఉంది. వారం వారం తూచి రాసినది, అప్పటి లెక్కన పౌనుల్లో. మొదటి నాలుగు వారాలు తగ్గుతూ వచ్చి, ఐదో వారం అర పౌను పెరిగింది. ఆ అర పౌను పక్కన ఎవరో, బహుశా నర్సు, ఎర్ర సిరాతో గీత గీశారు. ఈ ఉపన్యాసం కోసం అడిగితే ఫిల్ములు రెండూ మాస్టారి అబ్బాయి నాకిచ్చారు. చీటీ మాత్రం వాళ్లమ్మగారు ఇవ్వనన్నారు.