నీళ్ళ బారి నుంచి ఇంజిన్‌ను కాపాడేది

ఈ సాయంత్రం మాట్లాడుకోబోయేది కారు ఇంజిన్‌లో కూలెంట్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం గురించి. ఎలా మార్చాలో చెప్పే ముందు, అసలు దాన్ని ఎందుకు పోస్తామో తేల్చుకోవాలి. అది తేలితే పద్ధతంతా దాని వెనకే వస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచేది కూలెంటేనని చాలామంది నమ్మకం. కానీ వేడిని మోసుకుపోవడంలో ఆ డబ్బాలోని సరుకు నీళ్ళ ముందు దిగదుడుపే. కిలో నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ళు పుచ్చుకుంటే, నీళ్ళూ, కూలెంట్‌లో ప్రధాన సరుకైన ఇథిలీన్ గ్లైకాలూ చెరిసగం కలిపిన ద్రవం సుమారు 3.5 దగ్గరే ఆగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాలను నడిపిన రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్ తొలి రకాల్లో పోసింది పూర్తిగా గ్లైకాలే. తర్వాతి రకాల్లో 70 పాళ్ళు నీళ్ళు, 30 పాళ్ళు గ్లైకాల్‌కు మారారు. అంటే చల్లబరిచే పని ప్రధానంగా నీళ్ళదే. ఆ నీళ్ళ బారి నుంచి లోహాన్ని కాపాడే పని కూలెంట్‌ది. ఈ సాయంత్రం నేను వాదించబోయేది ఈ ఒక్క మాటనే.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు: అంబాసిడర్ కారు ఏళ్ళ తరబడి కుళాయి నీళ్ళతోనే తిరగలేదా? తిరిగింది, కాదనను. దాని ఇంజిన్ మందపాటి పోత ఇనుము, రేడియేటర్ రాగీ ఇత్తడీ. తుప్పు తిన్నా తినడానికి బోలెడంత ఇనుము ఉండేది. రేడియేటర్ కారితే టంకం పెట్టి అతికేవారు, నీళ్ళు ఎర్రబడితే పారబోసి కొత్తవి పోసేవారు. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియం, చాలావాటిలో బ్లాకూ అదే. రేడియేటర్ గొట్టాలు పల్చటి అల్యూమినియం రేకు, దాని రెండు పక్కలా ట్యాంకులు ప్లాస్టిక్. కారిందంటే అతకడం కుదిరే పని కాదు, కొత్తది వేయాల్సిందే. పైగా అల్యూమినియం, ఇనుము, స్టీలు ఒకే నీళ్ళలో మునిగి ఉంటే ఆ నీళ్ళలో కరిగిన లవణాలు వాటి మధ్య చిన్నపాటి బ్యాటరీనే నడుపుతాయి, అందులో ముందు కరిగిపోయేది అల్యూమినియమే. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో గీజరు రాడ్డు ఏడాది తిరిగేసరికి తెల్లటి పెచ్చు కట్టుకోవడం మీరు చూసే ఉంటారు. ఇంజిన్‌లో వేడి ఎక్కువ తగిలే గోడల మీదా సరిగ్గా ఆ పెచ్చే కడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. అదే నీళ్ళలోని క్లోరైడు అల్యూమినియంలో సూది మొనంత గుంటలు తొలుస్తుంది.

రెండో అభ్యంతరం, మన దగ్గర నీళ్ళు గడ్డకట్టవు కదా అని. నిజమే, లంబసింగి చలికి భయపడి ఎవరూ కూలెంట్ కొనక్కర్లేదు. మన చిక్కు థర్మామీటర్ రెండో చివర ఉంది. రేడియేటర్ వేడిని వదిలించుకోవడం, లోపలి ద్రవానికీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ద్రవం 95 డిగ్రీల్లో ఉందనుకోండి. బయట 25 ఉంటే తేడా 70. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ అదే, ఫ్యానూ అదే, శక్తిలో పావు వంతుకు పైగా ఎండలోనే కరిగిపోయింది. అప్పుడు పనికొచ్చేది మరుగు ఉష్ణోగ్రత. మూత బిగువుగా ఉండి ఒక అట్మాస్ఫియర్ అదనపు ఒత్తిడి నిలిస్తే ఉత్త నీళ్ళు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, సగంసగం మిశ్రమం మరో ఏడెనిమిది డిగ్రీలు ఓర్చుకుంటుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదేమో అనుకోకండి. గ్లైకాల్ పెరిగేకొద్దీ వేడి మోసే శక్తి తగ్గుతుంది. మన ఎండలకు సగంసగమే చాలు.

మరి కారు బాగానే నడుస్తుంటే మార్చడం దేనికి? గ్లైకాల్ ఆవిరై పోదు, మీటరు ముల్లూ కదలదు. అయిపోయేది దానిలో కలిపిన తుప్పు నిరోధకం. పాత రకం ఆకుపచ్చ కూలెంట్లలో సిలికేట్లు లోహమంతటా పొర పరచి రెండేళ్ళలో ఖర్చయిపోతాయి. సేంద్రియ ఆమ్లాలతో చేసిన కొత్త రకాలు తుప్పు మొదలైన చోటనే పని చేస్తాయి గనుక ఐదేళ్ళ దాకా వస్తాయి. నిరోధకం అయిపోయాక, గాలీ వేడీ తగిలి గ్లైకాలే మెల్లగా ఆమ్లంగా మారుతుంది. కాపాడాల్సిన ద్రవం తినే ద్రవమవుతుంది. రంగు చూసి కొనడం మాత్రం మానండి, రంగు కంపెనీ ఇష్టం. జపాన్ కంపెనీలు ఎక్కువగా సిలికేట్ వద్దంటాయి, యూరప్ కంపెనీలు అక్కడి గట్టి నీళ్ళకు భయపడి ఫాస్ఫేట్ వద్దంటాయి. మీ కారు పుస్తకంలో ఏ రకమని రాసి ఉంటే అదే కొనాలి.

ఇక పని. రాత్రంతా నిలిపిన కారును పొద్దున్నే పట్టుకోండి. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, వంద దాటిన నీళ్ళు క్షణంలో ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్ విప్పి వెడల్పాటి టబ్బులోకి దించండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రేడియేటర్ ఖాళీ అయినంత మాత్రాన ఇంజిన్ ఖాళీ కాదు. ఐదు లీటర్లు పట్టే కారులో మూడు దిగితే రెండు బ్లాకులోనే ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజిన్ వేడెక్కనిచ్చి, చల్లారాక మళ్ళీ దించి, తేటగా వచ్చేదాకా కడుగుతాం. చివరికి ఆ రెండు లీటర్లూ ఉత్త నీళ్ళే. దాని మీద సగంసగం కలిపి అమ్మే డబ్బా మూడు లీటర్లు పోస్తే అసలు కూలెంట్ లీటరున్నరే, అంటే ఐదింటిలో 30 శాతం. కలపని కూలెంట్ కొని ముందు రెండున్నర లీటర్లు పోసి, మిగతా అర లీటరు నీళ్ళు పోస్తేనే లెక్క కుదురుతుంది. కలిపే నీళ్ళు బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరే కావాలి. ఇంటి ఫిల్టరు నీళ్ళలో ఎంతో కొంత లవణం మిగులుతుంది. ఏసీ పైపు నుంచి కారేవీ వద్దు, వాటిలో దుమ్మూ లోహమూ ఉంటాయి. పోశాక హీటరు వేడి వైపు తిప్పి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా బండిని నిలబెట్టి ఇంజిన్ నడపండి, గాలి బుడగలు పోవాలి.

ఇదంతా మెకానిక్ చేయలేడా అంటే, మీకన్నా బాగా చేయగలడు. వరసలో పది బళ్ళున్నవాడికి లేనిది, ఇంజిన్ చల్లారేదాకా కూర్చునే తీరిక. అది ఆదివారం మీకుంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండి అయితే మాత్రం చెయ్యి పెట్టకండి, బ్యాటరీని చల్లబరిచే ద్రవం వేరు, జాగ్రత్తలూ వేరు. దించిన పాత ద్రవాన్ని వాకిట్లోనూ మురికి కాలువలోనూ పారబోయవద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలూ నోట్లో పెట్టుకోవచ్చు. ఒంట్లో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది, కొద్దిగా తాగినా ప్రాణం మీదికి వస్తుంది. టబ్బు వైపు ఎవరినీ రానివ్వకుండా, వెంటనే మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద కూలెంట్ రిజర్వాయర్ డబ్బాలో మట్టం చూడండి. ఒక వేలెడు తగ్గితే చిక్కుకున్న గాలి బయటపడినట్టు, గీత దాకా నింపితే చాలు. వారం వారం తగ్గుతూ పోతుంటే అది కూలెంట్ వ్యవహారం కాదు. హోస్ పైపో, వాటర్ పంపో, హెడ్ గాస్కెటో కారుతున్నట్టు. అప్పుడు పోస్తూ కూర్చోకుండా మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి.