మనస్సాక్షికి తొలి బడి

మనుష్యునిలో నీతి ఎట్లు ఏర్పడునను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్ప గోరుచున్నాము.

బోధ వలననే నీతి అబ్బునని సాధారణముగా తలంచుదుము. బోధ అవసరమే. అయినను చెవితో విన్నదానికంటె కంటితో చూచినది బిడ్డల మనస్సులో గట్టిగా నాటుకొనును. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బందూరా అను శాస్త్రజ్ఞుడు 72 మంది పసిపిల్లలతో ఒక పరిశోధన జరిపెను. పెద్దవారొకరు బొమ్మను కొట్టుచుండగా కొందరు పిల్లలు చూచిరి. తరువాత ఆ బొమ్మ తమకు దొరకగా వారిలో అనేకులు అట్లే కొట్టిరి. కొట్టుమని ఎవరును వారికి చెప్పలేదు.

ఈ సత్యమును మన పాతబస్తీలోనే చూడవచ్చును. చార్మినారు ప్రక్కన లాడ్ బజారు లక్కగాజులకు పేరు పొందినది. లక్కను సెగపై మెత్తబరచి, సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుదురు. ఈ పని పుస్తకము చూచి వచ్చునది కాదు. పెద్దవారి ప్రక్కన కూర్చుండి, వారి చేతివాటము చూచి నేర్చుకొనవలసినదే. నీతియు అట్టిదే.

అయితే చెడుగు కూడ అదే విధమున అలవడును. 2015 జనవరిలో పాతబస్తీలోని భవానీనగర్ ప్రాంతమున పోలీసులు సోదాలు జరిపి, గాజుల పనిలో నున్న 200 మందికి పైగా పిల్లలను విడిపించిరి. వారిలో ఎక్కువమంది బీహారు నుండి తేబడినవారు. ఇరుకు గదులలో గంటల తరబడి వారిచేత పని చేయించిరి. ఆ గదుల ముందునుండి సంచి తగిలించుకొని బడికి పోయిన పిల్లలు ఏమి నేర్చుకొనియుందురు? కొందరి బాల్యమునకు వెల కట్టవచ్చుననియు, దానిని గూర్చి పెద్దలు అడుగరనియు కాదా? ఈ పాఠము ఎవరును నోటితో చెప్పలేదు.

ఊరంతయు కలిసి మంచి పాఠము నేర్పిన సంగతి కూడ మనకు దగ్గరలోనే కలదు. ఆచార్య శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో తిరిగి, బడి వయస్సు బిడ్డ పనిలో నుండరాదని తలిదండ్రులతోను, రైతులతోను, ఉపాధ్యాయులతోను ఓపికగా మాట్లాడిరి. "బీదవారి బిడ్డ పని చేయక తప్పదు" అనుకొన్న గ్రామములలోనే "బీదవారి బిడ్డకును బడియే తగిన స్థలము" అను మాట నిలిచెను. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే పురస్కారము లభించెను. నీతి ఒక్కొక్కరి గుండెలో మాత్రమే కాక, ఊరి వాడుకలో కూడ పుట్టునని దీనివలన తెలియుచున్నది.

కావున మన యిండ్లను చూచుకొందము. పనిమనిషి వెంట వచ్చు చిన్నది బడికి పోవుచున్నదా? ఆమెకు మనము ఏ పళ్ళెములో అన్నము పెట్టుచున్నాము? మన పిల్లలు ఇవన్నియు చూచుచునే యున్నారు. ఆదివారపు పాఠమునకు గంట సమయము. ఈ పాఠమునకు వారమంతయు సమయమే.

పెండ్లిండ్లకు గాజులు కొనుటకు మనమందరము లాడ్ బజారునకు పోవుదుము. బేరమాడుటకు ముందు, "వీటిని చేసినవారు పెద్దవారేనా?" అని ఒక్క మాట అడుగుదము. దుకాణదారుడు విసుగుకొనవచ్చును. పరవాలేదు. మన చేయి పట్టుకొని నిలిచిన బిడ్డ ఆ ప్రశ్నను వినును.