చలికాలమున మోటారు సైకిలు సంరక్షణము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారికి, నీరు గడ్డకట్టు చలినుండి మోటారు సైకిలును కాపాడుకొను విధానమును మేము బోధింపబోయినచో శ్రోతలు నవ్వుదురు. నవ్వుటయు న్యాయమే. మన వైపు పుష్యమాసపు తెల్లవారుజామున గూడ ఉష్ణమానము పదిహేను డిగ్రీల దిగువకు పోవుట అరుదు. అంతటి చలిని చూడగోరువారు చింతపల్లి మన్యమునందలి లంబసింగికి పోవలసినదే.

అయినను చలిదేశముల వారు తమ బండ్లను గూర్చి పడు దిగులులో సగము మనకును కలదు. ఆ దేశములలో దారిమీది మంచు కరగుటకై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రములకును, గొలుసునకును పట్టి ఇనుమును తినివేయును. మన సూర్యలంక దారిలోను, నిజాంపట్నము దారిలోను ఆ ఉప్పును సముద్రుడే చల్లుచున్నాడు. వారికి మంచుగడ్డలు, మనకు పొగమంచు, తుపాను, వరదనీరు, నల్లరేగడి బురద. శత్రువుల పేర్లు వేరైనను పోరు ఒక్కటియే.

మొదట మా తెలివితక్కువతనమును ఒకదానిని చెప్పుకొందుము. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. మా వసారా వీధికన్న పల్లము. మురుగుకాలువ పొంగి, అందుంచిన మోటారు సైకిలు ఇంజను మునుగునంత నీరు నిలిచెను. మరునాటికి నీరు తీసినది. రేపల్లెలో ఉన్న మా అక్కగారికి ఇన్సులిను మందు ఆనాడే అందవలసియుండెను. తొందరపాటున పైబురద కడిగి, గుడ్డతో తుడిచి, స్విచ్చి నొక్కితిమి. ఇంజను రెండు మూడు మారులు తిరిగినది. మేము సంతోషించునంతలో లోపల సుత్తిదెబ్బ వంటి చప్పుడు వినవచ్చి, అంతయు బిగిసికొనిపోయినది. పొరుగింటి కుర్రవాడు సైకిలెక్కి, విరిగిపడిన చెట్ల నడుమ పది మైళ్లు పోయి, ఆ మందును అందించెను. మా బండి మాత్రము మూడు వారములు మెకానిక్కు దుకాణముననే ఉండిపోయినది. తుపాను దానిని తడిపినది; పాడుచేసినవారము మేమే.

జరిగినది ఏమనగా, గాలివడపోత పెట్టెలో నిలిచియున్న నీటిని ఇంజను పీల్చుకొన్నది. గాలియు, పెట్రోలు ఆవిరియు సిలిండరులో అణగును గాని నీరు అణగదు. పైకి వచ్చు పిస్టనుకు నీరు రాతిగోడవలె అడ్డుపడగా, దానిని నెట్టు కనెక్టింగు రాడ్డు వంగిపోయినది. కావున మునిగిన బండి విషయమున మొదటి సూత్రము ఇది: తాళము త్రిప్పరాదు, కిక్కు కొట్టరాదు. బ్యాటరీ తీగను ఊడదీయవలెను. గాలివడపోతను తీసి, పెట్టెను ఆరబెట్టవలెను. స్పార్కు ప్లగ్గును విప్పిన పిమ్మటనే ఇంజనును మెల్లగా త్రిప్పి, నీరేమైన ఉన్నచో వెలుపలికి పోనీయవలెను. ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీ రంగున ఉన్నచో అందు నీరు చేరినదని గ్రహింపవలెను. ఆ నూనెను పారబోసి క్రొత్తది పోసి, కొద్దిసేపు నడిపి, మరల మార్చుట మంచిది. రెండుమారులు నూనె మార్చుటకగు ఖర్చు, ఒక రాడ్డు మార్చుటకగు ఖర్చులో స్వల్పభాగమే.

ఇక ఉప్పుగాలి సంగతి. సముద్రపు ఉప్పునందు మెగ్నీషియం క్లోరైడు వంటి లవణములు కలవు. అవి గాలిలోని తేమను తమంత తాము పీల్చుకొనును. అందుచేత వాన లేని దినమున గూడ బండిమీది ఉప్పుపొర తడిగానే ఉండి, తుప్పునకు కావలసిన నీటిని సమకూర్చుచుండును. తీరమునకు పోయి వచ్చిన ప్రతిమారు మంచినీటితో కడిగి తుడువవలెను. మంచినీరని మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. తీరప్రాంతమున పెక్కు బోరులలో వచ్చునది ఉప్పునీరే. దానితో కడుగుట, బురదను తీసి ఉప్పును పూయుట వంటిది. కాలువనీరో, పట్టియుంచిన వాననీరో రెండు బిందెలు చాలును. చక్రముల ఇరుసుల మీదను, సైలెన్సరు గొట్టములోనికిని వేగముగా నీరు చిమ్మరాదు. కడిగిన పిదప బండిని కొంతదూరము నడిపినచో సందులలోని తడి ఆరిపోవును.

మన రేగడి బురద మరియొక ప్రత్యేక శత్రువు. డెల్టా పొలముల గట్లమీద తిరిగి వచ్చిన బండి మడ్‌గార్డు క్రింద చేరిన మట్టి, పైకి ఇటుకవలె ఎండినను, లోపల నెలల తరబడి తేమను దాచుకొనును. పైరంగు తళతళలాడుచుండగనే లోపలి రేకు చిల్లులు పడుట ఇందువలననే. పుల్లతోనో, చేతితోనో ఆ మట్టిని తడిగా ఉన్నప్పుడే తీసివేయవలెను. గొలుసును కిరసనాయిలులో ముంచిన కుంచెతో శుభ్రపరచి, ఆరిన పిమ్మట నూనె పెట్టవలెను. మురికిమీద నూనె పోసినచో అది ఆకురాయివలె పండ్లచక్రమును అరగదీయును.

చలి ఉదయమున ఇంజను మొరాయించుటకు కారణములు రెండు. నూనె చిక్కబడుట ఒకటి. బ్యాటరీ శక్తి తగ్గుట మరియొకటి. మన చలికి నూనె అంతగా చిక్కబడదు. దోషము తరచు బ్యాటరీదే. లద్దాఖు వంటి చోట్ల తరిగిపోయిన బ్యాటరీ, సున్నకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగిలిపోవును. నిండుగా శక్తియున్న బ్యాటరీ అంతకన్న ఎంతో తీవ్రమైన చలికి గూడ ఓర్చుకొనును. మనము గ్రహింపవలసిన నీతియు అదియే: బ్యాటరీని ఎన్నడును సగము ఆకలితో ఉంచరాదు. ఇంజను ఆపి కొంతసేపు గడిచిన పిమ్మట కొలిచినప్పుడు 12.6 వోల్టులకు చేరువలో ఉన్నచో దిగులు లేదు. 12.4 కన్న తగ్గినచో చార్జి చేయింపవలెను. దాని కొనలకు వాజెలిను పూసినచో ఉప్పుగాలి అంటదు.

పాత బండ్లకు చోకు ఉండును; ఇంజను అందుకొనగనే దానిని మూసివేయవలెను. 2020 ఏప్రిలు నుండి వచ్చిన బండ్లలో పెక్కింటియందు పెట్రోలును కొలిచి చిమ్మునది ఎలక్ట్రానిక్ యంత్రము. వీనియందు తాళము త్రిప్పి, పంపు చప్పుడు ఆగువరకు రెండుమూడు క్షణములు నిలిచి, ఆపైన స్విచ్చి నొక్కవలెను. ఏ బండినైనను లేచిన వెంటనే గట్టిగా అరపింపరాదు. అర నిమిషము నిలిపి, మొదటి మైలు నెమ్మదిగా నడిపిన చాలును.

నేటి పెట్రోలులో ఇథనాలు అను సారాయి నూటికి ఇరువది పాళ్లవరకు కలియుచున్నది. అది నీటిని ప్రీతితో కలుపుకొనును. నీరు మితిమీరినచో రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజనుకు అందునది ఆ అడుగునీరే. కావున వానలలో ట్యాంకు మూత రబ్బరును చూచుకొనవలెను. పది పదిహేను దినములు బండి తీయకుండ ఉంచవలసివచ్చినచో ట్యాంకును నిండుగా ఉంచుట మేలు. ఖాళీస్థలము ఎంత తక్కువయైన, తేమగాలికి చోటు అంత తక్కువ.

మార్గశిరమున మన రోడ్లు కళ్లములగును. వడ్లు ఆరబోసిన దారిమీద బ్రేకు పట్టినచో చక్రము గోలీలమీద పడినట్లు జారును. రైతును తిట్టుటకన్న వేగము తగ్గించుట లాభము. గడ్డిపరకలు ఇరుసునకు చుట్టుకొన్నచో వెంటనే తీయవలెను. వేడి సైలెన్సరునకు ఎండుగడ్డి తగులనీయరాదు. నీటిలోనుండి వచ్చిన వెంటనే బ్రేకును మెల్లగా నాలుగైదు మారులు నొక్కి ఆరబెట్టుకొనవలెను. కోతలైన పిమ్మట పొలమును విడిచిన ఎలుకలు ఇండ్లకు చేరి, సీటు క్రింది తీగలను కొరుకును. వారమునకొకమారు సీటు ఎత్తి చూచుట అలవాటు చేసికొనవలెను.

బండిమీద పట్టా కప్పువారు పొరపాటొకటి చేయుదురు. తడిసిన బండిని ప్లాస్టిక్ పట్టాతో నేలవరకు మూటగట్టుదురు. అప్పుడు లోపలి తేమ బయటికి పోలేక బండి చెమర్చుచు తుప్పు పట్టును. ఆరిన పిమ్మటనే కప్పవలెను. క్రింద జానెడు గాలి ఆడనీయవలెను. గోనెసంచి కప్పుట మరింత హాని. అది మంచును త్రాగి, ప్రొద్దెక్కువరకు విడువదు.

చివరకు ముఖ్యమైన మాట. 1977 నవంబరు 19వ తేదీని మన తీరమున పెద్దవారెవ్వరును మరువలేదు. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బ్యారేజీనుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు ప్రాంతపు లంకలవారు ఇండ్లు విడువవలసివచ్చెను. హెచ్చరిక వినగనే, దారి ఇంకను పొడిగా ఉన్నప్పుడే, బండిని మెరకకు చేర్చి, దాని కాగితములను దగ్గర ఉంచుకొనవలెను. దారిపైకి నీరు వచ్చిన తరువాత బండికొరకు వెనుకకు పోరాదు. పారు నీటిలో దానిని దింపనేరాదు. బండి చెడినచో మూడు వారములలో బాగగును. ఆ కుర్రవాడు ఆనాడు సైకిలెక్కి పోకున్నచో, మా అక్కగారి విషయమున మేము ఆ మాట చెప్పగలిగియుండెడివారము కాము. పాలు పోయువాడును, చేపలు అమ్మువాడును, రోగికి మందు తెచ్చువాడును నేడు ఈ రెండు చక్రములను నమ్ముకొనియున్నారు. తెల్లవారి బండి లేచుట రాత్రి మనము చూపిన శ్రద్ధను బట్టియుండును.